ఆ పాత దెయ్యం సినిమాల భయం ఇన్నేళ్లయినా ఎందుకు తగ్గలేదు?

పాతరీలు అడిగిన ప్రశ్న:

దెయ్యం సినిమాల మీద చర్చ వచ్చినప్పుడల్లా ఏది ఎక్కువ భయపెట్టిందన్న పోలిక దగ్గరే మాటలు ఆగిపోతుంటాయి. నేను అడగదలచుకున్న సంగతి కొంచెం వేరు. కొన్ని సినిమాల్లో గుండె ఝల్లుమనే ఘట్టాలు పెద్దగా ఉండవు, నెత్తురు కనబడదు, దెయ్యం కనిపించినా ఎక్కడో దూరాన కదలక మెదలక నిలబడి ఉంటుంది. చూసి వచ్చాక, ఇంట్లో ఒంటరిగా ఉన్న ఏ మధ్యాహ్నమో ఆ దూరపు ఆకారమే కళ్లముందు మెదులుతుంది. హాల్లో కేకలు పెట్టించిన సినిమాలు మరునాటికే మరపున పడతాయి గానీ ఇవి ఏళ్ల తరబడి మనిషిని వదలవు. దీనికి కారణం ఏమిటన్నదే నా ప్రశ్న.

నా మనసులో ఉన్నది ప్రధానంగా జాక్ క్లేటన్ దర్శకత్వంలో 1961లో వచ్చిన బ్రిటిష్ చిత్రం 'ది ఇన్నోసెంట్స్'. హెన్రీ జేమ్స్ 1898లో ప్రచురించిన 'ది టర్న్ ఆఫ్ ది స్క్రూ' దీనికి మూలం. చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. ఒక మతాచార్యుని కూతురైన మిస్ గిడెన్స్, తల్లిదండ్రులు లేని ఇద్దరు పిల్లలకు చదువు చెప్పి వారి ఆలనాపాలనా చూడడానికి పల్లెటూరి భవంతికి వస్తుంది. పిల్లల బాధ్యత వహించవలసిన బంధువు లండన్‌లో ఉంటూ, ఏ సమస్య వచ్చినా తన దగ్గరకు తేకూడదన్న షరతు మీద ఆమెను నియమిస్తాడు. ఆ ఇంట్లో అంతకుముందు పనిచేసిన క్వింట్ అనే సేవకుడూ, మిస్ జెసెల్ అనే పంతులమ్మా చనిపోయి ఉంటారు. కొన్నాళ్లకు మిస్ గిడెన్స్‌కు వాళ్లిద్దరూ కనిపించడం మొదలవుతుంది. పిల్లలకు కూడా వాళ్లు కనిపిస్తున్నారనీ, పిల్లల ద్వారా వాళ్లు మళ్లీ బతకజూస్తున్నారనీ ఆమె నమ్ముతుంది. చూశామని మాత్రం ఇంట్లో మరెవ్వరూ ఒప్పుకోరు.

నన్ను వదలని సన్నివేశం చెరువు దగ్గరిది. పట్టపగలు, నీళ్లకు అవతలి గట్టున, ఎత్తుగా పెరిగిన రెల్లు మధ్య నల్లని దుస్తుల్లో ఒక స్త్రీ నిలబడి ఉంటుంది. ఆమె ఒక్క అడుగు కూడా ముందుకు వేయదు, ముఖం పోల్చుకోవడానికి వీల్లేనంత దూరంలో ఉంటుంది. ఇటువైపు చిన్నపిల్ల ఏదో పాట కూనిరాగం తీస్తూ ఉంటుంది. ఇంతే. ఇందులో భయపడవలసినది ఏముందో మాటల్లో పెట్టడం నాకు చేతకావడం లేదు.

దెయ్యం ఉందో లేదో తేల్చకపోవడమే ఈ సినిమాల బలమని విమర్శకులు తరచుగా అంటారు. అది ఒక్కటే సరిపోతుందా? తేల్చకుండా వదిలేసిన చెత్త సినిమాలు కూడా ఎన్నో ఉన్నాయి కదా. ఛాయాగ్రహణం, శబ్దం తెలిసినవారు, ఇతర భాషల సినిమాలు బాగా చూసినవారు తమ అభిప్రాయం చెబితే సంతోషిస్తాను.

వెలుగునీడ సమాధానం:

పాతరీలు గారూ, తేల్చకపోవడం వేరు, రెండు పక్షాలకూ సమానంగా సాక్ష్యం సమకూర్చడం వేరు. మీరన్న చెత్త సినిమాలు మొదటి పని చేస్తాయి. 'ది ఇన్నోసెంట్స్' రెండో పని చేసింది. అందులో ఎంత శ్రద్ధ ఉందో ఒక చిన్న మార్పు చూస్తే తెలుస్తుంది.

జేమ్స్ కథలో ఆ యువతి క్వింట్‌ను చూసిన తరువాత అతని పోలికలు వర్ణించగానే, ఇంటి పెత్తనం చూసే మిసెస్ గ్రోస్ అతనెవరో గుర్తుపడుతుంది. ఎన్నడూ చూడని, పేరైనా వినని మనిషి పోలికలు ఆమె ఎలా చెప్పగలిగింది? దెయ్యాలు నిజమేననే పాఠకులకు ఇదే పెద్ద ఆధారం. 1934లో ఎడ్మండ్ విల్సన్ అనే విమర్శకుడు, ఇదంతా ఆమె అణచుకున్న మనసు కల్పించిన భ్రమ అని వాదించినప్పుడు ఆయనకు అడ్డుపడిన ఘట్టాల్లో ఇదొకటి. సినిమాలో ఏం చేశారో చూడండి. పిల్లలతో దాగుడుమూతలు ఆడుతూ ఆమె అటక మీది గదిలోకి వెళ్లి, అక్కడ పాత సామాన్ల మధ్య అద్దం పగిలిన ఒక చిన్న చిత్తరువు చూస్తుంది. ఆ తరువాతే కిటికీ అద్దం వెనక చీకట్లోంచి ఆ ముఖం బయటపడుతుంది. అంటే భ్రమ అనేవారికి ఇప్పుడు ఆధారం దొరికింది. అయితే అంతకుముందే, భవంతి బురుజు మీద ఎండ వెలుగులో ఒక మగమనిషి ఆకారాన్ని ఆమె చూసి ఉంది. ఆ చిత్తరువు కంటే ముందు వచ్చిన ఆకారాన్ని భ్రమ పక్షం ఎలా వివరిస్తుంది? ఇలా ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో తీసుకుంటూ పోతుంది ఈ చిత్రానువాదం. విలియం ఆర్చిబాల్డ్ ఈ కథను 1950లోనే నాటకంగా మలిచాడు; ఆ నాటకంలో దెయ్యాలు దెయ్యాలే. క్లేటన్‌కు ఆ తీర్పు నచ్చక, రచయిత ట్రూమన్ కపోటీ చేత చిత్రానువాదాన్ని తిరగరాయించాడు. ఆ ఇద్దరి మధ్య ఉన్న అభిప్రాయభేదం తెరమీద ఆరోగ్యకరంగా మిగిలిపోయిందని నా నమ్మకం.

ఇక కెమెరా సంగతి. నిర్మాణసంస్థ అయిన ట్వెంటియత్ సెంచురీ ఫాక్స్ ఈ సినిమాను సినిమాస్కోప్‌లోనే తీయాలని పట్టుబట్టింది. ఒక మనిషి మనసులో ఊపిరాడకుండా జరిగే కథకు అంత వెడల్పాటి తెర ఇబ్బందే. ఛాయాగ్రాహకుడు ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్ దీనికి కనిపెట్టిన ఉపాయం నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగిస్తుంది. ఆయన ఫిల్టర్ల అంచులకు చేత్తో రంగు వేసి, తెర రెండు పక్కలా వెలుగు తగ్గిపోయేలా చేశాడు. మిస్ గిడెన్స్ కొవ్వొత్తుల స్తంభం పట్టుకుని రాత్రిపూట నడవాల్లో తిరిగే ఘట్టాల్లో తెర మధ్యభాగం వెలుగులోనూ అంచులు చీకట్లోనూ ఉంటాయి. ఆ చీకట్లో ఏమీ లేకపోయినా మన చూపు మాటిమాటికీ అటే పోతుంది. తెర పెద్దదవుతున్న కొద్దీ మనం కాపలా కాయవలసిన చీకటి కూడా పెద్దదవుతుంది. సంస్థ పెట్టిన షరతే సినిమాకు ఆయుధమైంది.

దానికి తోడు దగ్గరి వస్తువూ దూరపు వస్తువూ రెండూ స్పష్టంగా కనిపించేలా తీశారు. ముందువైపు మిస్ గిడెన్స్ ముఖం, వెనక ఎక్కడో ఒక కిటికీ; రెండూ స్పష్టమే. సాధారణంగా దర్శకుడు ఎక్కడ చూడాలో మనకు చెబుతాడు. ఇక్కడ చెప్పడు. చెరువు గట్టున మిస్ జెసెల్ మీకు అంతగా గుర్తుండిపోవడానికి ఇదొక కారణం కావచ్చు. కెమెరా ఆమె దగ్గరకు పరుగెత్తలేదు కాబట్టి, చూడవలసిన శ్రమ మీ కళ్లకే పడింది, చూసినదానికి బాధ్యత కూడా మీదే అయింది. ఎడిటర్ జిమ్ క్లార్క్ ఒక దృశ్యాన్ని ఇంకో దృశ్యంలోకి కరిగించడంలో చూపిన నిదానం కూడా గమనించదగినది. ఒక ముఖం పూర్తిగా చెరిగిపోకముందే మరో దృశ్యం దానిమీదికి వచ్చి చేరుతుంది, ఒక్కోసారి మూడోది కూడా. ఎవరు ఎవరిలో ప్రవేశిస్తున్నారన్న కథలోని ప్రశ్నను ఎడిటింగ్ మాటల్లేకుండా అడుగుతూ ఉంటుంది.

చివరగా ఒక్క వివరం. చదువుల గదిలో మిస్ జెసెల్ బల్ల ముందు కూర్చుని ఏడుస్తూ కనిపిస్తుంది, మరుక్షణం ఉండదు. మిస్ గిడెన్స్ దగ్గరకు వెళ్లి చూస్తే పలక మీద ఒక నీటిబొట్టు ఉంటుంది. ఆమె దాన్ని వేలితో తాకుతుంది. దెయ్యం ఉందనడానికి సినిమా మొత్తంలో చేతికి తగిలిన సాక్ష్యం ఆ కన్నీటి చుక్క ఒక్కటే. ఆ సమయంలో గదిలో ఉన్నది మాత్రం ఆమె ఒక్కతే, కాబట్టి ఆ సాక్ష్యానికి సాక్షి లేరు. మిస్ గిడెన్స్‌గా నటించిన డెబొరా కెర్ ఆ ఘట్టంలో ఎక్కడా తడబడదు. ఆమె పాత్రకు అనుమానం లేదు. అనుమానమంతా మనకు వదిలేసింది.

గోదావరిగట్టు సమాధానం:

వెలుగునీడ గారి విశ్లేషణ చాలా విలువైనది, కానీ పాతరీలు గారి అసలు ప్రశ్నకు అది సగం జవాబేనని నాకు అనిపిస్తోంది. సందేహమే ఈ సినిమాల ఆయుష్షుకు మూలమైతే, సందేహం లేశమైనా లేని దెయ్యం కథలు మనల్ని ఎందుకు ఇంతగా పట్టుకుంటున్నాయి?

కెంజి మిజొగుచి 1953లో తీసిన జపాన్ చిత్రం 'ఉగెత్సు' ముగింపు భాగాన్ని తీసుకుందాం. యుద్ధకాలంలో గెంజురో అనే కుమ్మరి, కుండలు అమ్మి నాలుగు డబ్బులు సంపాదించాలన్న ఆశతో భార్యాబిడ్డలను వదిలి బివా సరస్సు దాటి పట్నం చేరుకుంటాడు. అక్కడ ఒక గొప్పింటి స్త్రీ మోహంలో పడి ఇల్లు మరచిపోతాడు. ఈలోగా ఆకలితో ఉన్న సైనికులు అతని భార్య మియాగిని బల్లెంతో పొడవడం మనం కళ్లారా చూస్తాం. అంటే అతను తిరిగి వచ్చేసరికి ఆమె ఉండదని మనకు తెలుసు, అతనికే తెలియదు. రాత్రిపూట అతను ఇంట్లో అడుగుపెడతాడు. పొయ్యి చల్లారి ఉంది, ఇల్లు ఖాళీగా ఉంది. భార్యను పిలుస్తూ అతను వెనకవైపు నుంచి ఇల్లు చుట్టి వస్తుంటే, లోపలే ఉన్న కెమెరా కిటికీలోంచి అతన్ని గమనిస్తూ మెల్లగా తిరిగి మొదటి చోటికి వస్తుంది. ఇప్పుడు పొయ్యిలో మంట ఉంది. దాని పక్కన మియాగి కూర్చుని ఉంది. మధ్యలో ఎక్కడా కత్తిరింపు లేదు, పొగ లేదు, వింత శబ్దం లేదు. ఛాయాగ్రాహకుడు కజువో మియగావా చేసిందల్లా కెమెరాను తిప్పడమే. ఆ తరువాత అతను పిల్లవాడి పక్కన నిద్రపోతే, ఆమె తెల్లవారేదాకా దీపం వెలుగులో అతని బట్టలు బాగుచేస్తూ కూర్చుంటుంది.

ఇక్కడ ఆమె దెయ్యమా కాదా అన్న ప్రశ్నే లేదు. అయినా ఈ దృశ్యం చూసి చలించని మనిషిని నేను ఊహించలేను. ఇక్కడ మన మనసును పట్టి ఉంచుతున్నది, చనిపోయినా పూర్తికాని పని. బట్టలు కుట్టాలి, భర్తకు అన్నం పెట్టాలి, ఇల్లు సర్దాలి. చావు వచ్చి ఆ పనులకు అడ్డుపడింది, అంతే.

సత్యజిత్ రాయ్ 1961లో తీసిన 'తీన్ కన్య'లో రెండో కథ 'మణిహారా' కూడా ఇదే కోవలోకి వస్తుంది, అయితే ఇక్కడి తీరని కోరిక ప్రేమ కాదు. టాగూర్ కథ అది. ఫణిభూషణ్ అనే సంపన్నుడు భార్య మణిమాలిక మనసు గెలవడానికి నగల మీద నగలు తెస్తాడు. ఆమె మనసు నగల దగ్గరే ఆగిపోతుంది. అతని వ్యాపారం దెబ్బతిన్నప్పుడు, నగలు ఎక్కడ అడుగుతాడోనని ఆమె వాటన్నిటినీ ఒంటిమీద వేసుకుని ఇల్లు విడిచిపోతుంది. తిరిగి రాదు. భర్త ఊరినుంచి చివరి కొత్త నగతో వచ్చి, చిత్రవిచిత్రమైన అలంకరణ సామగ్రితో కిక్కిరిసిన ఆ ఇంట్లో రాత్రంతా ఎదురుచూస్తాడు. ఆ నగపెట్టె మీదికి గాజులు తొడిగిన ఎముకల చెయ్యి దూసుకొచ్చే క్షణం ఉంది, నిజమే, అది ఉలిక్కిపడే క్షణమే. నాకు మాత్రం అంతకుముందు జరిగిన నిరీక్షణే బలమైనదనిపిస్తుంది. విదేశాల్లో విడుదల చేసినప్పుడు ఈ కథను తీసేసి మిగిలిన రెండింటినే చూపించారు. చాలాకాలం బయటివారికి రాయ్ తీసిన ఈ దెయ్యం కథ తెలియకపోవడం బాధాకరం.

మన ఇళ్లలో కర్మకాండ చూసినవారికి ఇందులో కొత్తేమీ లేదు. పదోరోజు పిండం పెట్టి కాకి కోసం ఎదురుచూస్తాం. కాకి ముట్టకపోతే పోయినవారికి ఏదో తీరని కోరిక మిగిలిందని పెద్దలు ఒక్కొక్కటే తలచుకుని, ఫలానా పని మేం చూసుకుంటాం అని పైకే మాట ఇస్తారు. అక్కడ నిలబడ్డవారిలో నమ్మనివారు కూడా ఊపిరి బిగబట్టి ఆ గోడవైపు చూస్తారు. దెయ్యం ఉందా లేదా అన్న చర్చ ఆ క్షణంలో ఎవరికీ గుర్తుకు రాదు. పోయినవారికి మనం ఏం బాకీ పడ్డాం అన్నది ఒక్కటే మనసులో ఉంటుంది. నిదానంగా నడిచే దెయ్యం సినిమా మనల్ని నిలబెట్టేది ఆ చోటనే. అందుకే సందేహం ఒక మంచి పనిముట్టు మాత్రమేననీ, అసలు సరుకు ఈ బాకీ అనీ నేను అంటాను.

శబ్దలేఖ సమాధానం:

గోదావరిగట్టు గారు చెప్పిన బాకీ అన్న మాటకు సరిగ్గా సరిపోయే సినిమా ఒకటుంది. రాబర్ట్ వైజ్ 1963లో తీసిన 'ది హాంటింగ్'. అందులో దెయ్యం ఒక్కసారి కూడా కనిపించదు; వినిపిస్తుంది, అంతే. నేను శబ్దం పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఈ సినిమా గురించి కాస్త ఎక్కువ రాస్తే మన్నించండి.

వైజ్ ఈ పాఠం ఎక్కడ నేర్చుకున్నాడో ముందు చెప్పాలి. 1940లలో ఆర్‌కేఓ సంస్థలో వాల్ లూటన్ అనే నిర్మాత చాలా తక్కువ ఖర్చుతో భయానక చిత్రాలు తీసేవాడు. వింతజంతువుల వేషాలకు డబ్బు లేక నీడల మీద ఆధారపడ్డాడు. జాక్ టూర్నర్ దర్శకత్వంలో 1942లో వచ్చిన 'క్యాట్ పీపుల్'లో, ఈతకొలనులో ఒంటరిగా ఉన్న యువతి చుట్టూ నీటి మెరుపులు కప్పు మీద కదులుతుంటే ఎక్కడినుంచో గుర్రుమన్న చప్పుడు వస్తుంది. జంతువు మాత్రం స్పష్టంగా కనబడదు. దీపాలు వెలిగాక చూస్తే ఆమె వేసుకోవలసిన అంగీ చీలికలై ఉంటుంది. వైజ్ అప్పటికే 'సిటిజన్ కేన్' ఎడిటర్‌గా పేరు తెచ్చుకుని, దర్శకుడిగా మొదటి అవకాశం లూటన్ దగ్గరే పొందాడు. ఇరవై ఏళ్ల తరువాత, 'వెస్ట్ సైడ్ స్టోరీ'కీ 'ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్'కీ మధ్య, డబ్బుకు కరవు లేని రోజుల్లో కూడా ఆయన నలుపు తెలుపుల్లో, ఏమీ చూపించకుండా 'ది హాంటింగ్' తీశాడు. అది ఆయన మనస్ఫూర్తిగా ఎంచుకున్న పద్ధతి.

షర్లీ జాక్సన్ 1959లో రాసిన నవల దీనికి ఆధారం. జూలీ హారిస్ నటించిన ఎలినోర్ పాత్ర పదకొండేళ్లపాటు మంచాన పడ్డ తల్లికి సేవ చేస్తూ యవ్వనమంతా గడిపేసింది. తల్లి చనిపోయిన రాత్రి గోడ మీద తట్టి పిలిచింది. ఎలినోర్ వెళ్లలేదు. సినిమాకు ఇదే కీలకం. తరువాత ఆమె హిల్ హౌస్ అనే భవంతికి పరిశోధన బృందంతో వెళ్తుంది, మొదటి రాత్రే ఆ ఇంటి నడవాలో గోడలు బద్దలయ్యేలా తడుతున్న చప్పుడు మొదలవుతుంది. నిద్రమత్తులో ఆమెకు ముందు తట్టిన ఊహ, తల్లి పిలుస్తోందనే. ఆ ఇల్లు ప్రపంచంలో ఉన్న ఏ శబ్దమైనా చేసి ఉండవచ్చు. సరిగ్గా ఆమె ఏ శబ్దానికి లేచి వెళ్లలేదో ఆ శబ్దమే చేసింది. ఇంటికి ఆమె రహస్యం తెలుసా, లేక ఆమె రహస్యమే ఇంటికి గొంతునిచ్చిందా అన్నది తేలదు. వెలుగునీడ గారి సందేహమూ గోదావరిగట్టు గారి బాకీ కూడా ఆ ఒక్క చప్పుడులో కలిసి ఉన్నాయి.

చప్పుడును రూపొందించిన తీరు కూడా గమనించండి. అది ఒకేచోట ఉండదు. దూరంగా మొదలై నడవా పొడవునా తలుపు తలుపునూ వెతుక్కుంటూ దగ్గరకు వస్తుంది, ఆగుతుంది. ఆ ఆగిన నిశ్శబ్దంలో తెరమీద కనిపించేది ఇద్దరు స్త్రీలు, ఒక తలుపు. మరొక చోట చెక్క తలుపు మధ్యభాగం, అవతలినుంచి ఎవరో ఒరిగినట్టు, మెల్లగా ఉబ్బి మళ్లీ తగ్గుతుంది. వెడల్పాటి లెన్సులు వాడడం వల్ల గోడలూ మెట్లూ కొద్దిగా వంగినట్టు కనబడుతూ, ఆ ఇంట్లో ఒక్క గీత కూడా తిన్నగా లేదన్న అనుభూతి కలుగుతుంది. ఇంకో రాత్రి, గోడ అవతల పసిపిల్ల ఏడుపు వినిపిస్తుంటే, ఎలినోర్ చీకట్లో పక్కనున్న, బృందంలోని మరో స్త్రీ థియో చేయి గట్టిగా పట్టుకుని ధైర్యం తెచ్చుకుంటుంది. దీపం వెలిగేసరికి థియో గదికి అవతలివైపు ఉంటుంది. అంతసేపూ ఎవరి చేయి పట్టుకున్నట్టు? ఆ సన్నివేశంలో కెమెరా ఆమె ముఖం మీదే ఉంది. చూపించిన దానిలో అబద్ధం లేదు, చూపించనిది మనమే నింపుకున్నాం.

ఇదే నవలను 1999లో కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో మళ్లీ తీశారు. అందులో విగ్రహాలు కదులుతాయి, ఇల్లు నోరు తెరుస్తుంది, దెయ్యం కళ్లముందుకొచ్చి నిలబడుతుంది. అది ఎవరి దెయ్యం? అందరిదీ. 1963 నాటి చప్పుడు మాత్రం ఎలినోర్ ఒక్కదానిది. ఒక మనిషి గతానికి అతికినట్టు సరిపోయే భయం అయితేనే, అది ప్రేక్షకుడి గతంలో కూడా తనకు సరిపోయే చోటు వెతుక్కుంటుంది. మంచాన పడ్డ పెద్దవారికి సేవ చేసి, ఒక్కసారైనా ఆ పిలుపు విననట్టు పడుకున్నవారు మన మధ్య తక్కువేమీ కాదు.

పాతరీలు మళ్లీ రాశారు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. శబ్దలేఖ గారి చివరి మాట నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది. చెరువు గట్టు మీది ఆకారం కూడా మిస్ గిడెన్స్ గతానికి అతికేదే కదా. ఆమె కూడా అదే ఉద్యోగంలో, అదే ఒంటరితనంలో, యజమాని ఒక్క మాటకు కరిగిపోయి వచ్చిన స్త్రీ. అవతలి గట్టున నిలబడింది ఆమెకు ముందు అదే కుర్చీలో కూర్చున్న మనిషి. ఇలా చూస్తే ఆ దూరం నాకు కొత్తగా అర్థమవుతోంది.

ఇంకో రెండు సంగతులు. మన దక్షిణాది సినిమాలో, ముఖ్యంగా తెలుగులో, ఈ దారి ఎందుకు నిలబడలేదు? రెండోది, మా ఊళ్లో ఫిల్మ్ సొసైటీ మిత్రులు వచ్చే నెలలో ఇలాంటివి మూడు వేద్దామంటున్నారు. ఏవి, ఏ క్రమంలో వేయమంటారు?

తెరచాటు సమాధానం:

దక్షిణాదిలో ఈ దారి లేదనలేం. ఫాజిల్ 1993లో మలయాళంలో తీసిన 'మణిచిత్రతాళు' ఉంది. శోభనకు ఉత్తమ నటిగా జాతీయ పురస్కారం తెచ్చిన సినిమా అది. మనవాళ్లకు ఆ కథ ప్రధానంగా 2005లో తమిళం నుంచి అనువాదమై వచ్చిన 'చంద్రముఖి' ద్వారా తెలుసు. రెండూ వరుసగా చూసినవారు తేడా వెంటనే పట్టుకోగలరు. మలయాళ మాతృకలో, శోభన పోషించిన గంగ అనే పాత్ర చిన్ననాటి ఒంటరితనం కథకు పునాది. తల్లిదండ్రులు కలకత్తాలో ఉంటే ఆ పిల్ల నాయనమ్మ దగ్గర పెరిగింది. పెద్దయ్యాక మూసి ఉన్న గది తలుపు తెరిచినప్పుడు ఆమెకు అక్కడ దొరికింది, మాటలు చెప్పుకోవడానికి ఒక తోడు. నగలు కొనడానికి వెళ్లవద్దని భర్త కావాలని అడ్డుచెప్పినప్పుడు ఆమె ముఖంలో వచ్చే మార్పు, ఒంటిచేత్తో మంచం ఎత్తే ఆ క్షణం, దానికి ముందు ఎంతో ఓపికగా నడిపించిన కథ ఉండబట్టే అంత పదునుగా దిగుతాయి. తరువాతి రూపాల్లో కథానాయకుడి స్థాయి పెరిగి, గంగకు దక్కవలసిన ఆ నిదానం తగ్గింది.

తెలుగులో ఈ ధోరణికి గట్టి ప్రయత్నం రామ్‌గోపాల్ వర్మ 1992లో తెలుగు, హిందీ భాషల్లో తీసిన 'రాత్రి'. ఖాళీ స్థలాల్లో మెల్లగా జరుగుతూ పోయే కెమెరా, నిశ్శబ్దాన్ని భరించగల ధైర్యం, రేవతి ముఖం. చివరికి అది పూనకం, మాంత్రికుడు అన్న పాత బాట పట్టినా, తొలిభాగంలో ఉన్న గుబులు ఈనాటికీ చెక్కుచెదరలేదు. ఆ తరువాత వచ్చిన దారి వేరు. 2013లో 'ప్రేమ కథా చిత్రమ్' విజయంతో దెయ్యమూ హాస్యమూ కలిపిన సినిమాలు వరుసకట్టాయి. సకుటుంబంగా వచ్చే ప్రేక్షకులను నవ్వించి, అరిపించి పంపాలన్న లెక్కకు అది బాగా సరిపోయింది. నిశ్శబ్దాన్ని భరించడం ఆ లెక్కలో ఇమడదు. 2022లో వచ్చిన 'మసూద' తొలి సగంలో ఒక ఒంటరి తల్లి భయాన్ని ఎంతో ఓర్పుగా చూపించి ఆశ కలిగించింది, రెండో సగంలో గొంతు పెంచింది. నాకు ఆ తొలి సగమే కావాలి.

నన్ను అడిగితే, ఈ చర్చలో అందరూ చెబుతున్న లక్షణాలు మన పక్కనే ఉన్న 'భూతకాలం'లో కనిపిస్తాయి. రాహుల్ సదాశివన్ మలయాళంలో తీయగా 2022లో వచ్చింది. ఒక అద్దె ఇల్లు, మానసిక కుంగుబాటుతో బాధపడుతున్న తల్లి, ఫార్మసీ చదివి ఉద్యోగం దొరకని కొడుకు. ముసలి అమ్మమ్మ పోయిన తరువాత ఇంట్లో ఏదో ఉందని ఇద్దరికీ వేర్వేరుగా అనిపిస్తుంది. తల్లికి జబ్బు ముదిరిందని కొడుకు భయం, కొడుకు చెడు అలవాట్ల వల్ల ఇలా అయ్యాడని తల్లి భయం. ఒకరినొకరు నమ్మితే చాలు, సగం బాధ తీరిపోతుంది. దెయ్యం కంటే ఆ అపనమ్మకమే ఆ ఇంట్లో ఎక్కువ చోటు ఆక్రమించింది. తల్లిగా నటించింది రేవతి. 'రాత్రి' తరువాత ముప్పై ఏళ్లకు, మళ్లీ ఒక ఇంటి చీకట్లో. ఈ పాత్రకు ఆమెకు కేరళ రాష్ట్ర ప్రభుత్వ పురస్కారం వచ్చింది. ఒకే నటి ముఖంలో ఈ రెండు సినిమాలనూ వరుసగా చూడడం గొప్ప అనుభవం.

వెలుగునీడ సమాధానం:

గోదావరిగట్టు గారి వాదన నేను పూర్తిగా ఒప్పుకోలేను. మియాగి దృశ్యంలో సందేహం లేదన్నారు. కానీ ఆ మంట వెలిగిన క్షణంలో, ఆమె చావును కళ్లారా చూసిన మనం కూడా, బహుశా బతికే ఉందేమోనని ఒక్కసారి ఆశపడతాం. ఆ ఆశ సందేహానికి మరో రూపమే. మిగతా విషయాల్లో మీతో నాకు పేచీ లేదు.

పాతరీలు గారూ, మూడు వేయవలసి వస్తే ముందు 'ది హాంటింగ్' వేయండి, ప్రేక్షకుల చెవులు పదును తేలతాయి. రెండో రోజు 'ది ఇన్నోసెంట్స్', చివర 'ఉగెత్సు'. 'భూతకాలం' హక్కులు దొరికితే నాలుగో రోజు పెట్టుకోండి, తెరచాటు గారి మాట నిజం. ప్రొజెక్టరు వెలుగు పెంచమని వెనక వరుసవాళ్లు తప్పకుండా అడుగుతారు. పెంచవద్దు, ఫ్రాన్సిస్ చీకటిగా ఉంచిన అంచులు బూడిదరంగులోకి మారిపోతాయి. హాల్లో ద్వారాల మీది తెరలు పూర్తిగా దించండి, స్పీకర్లను మాటలు కాదు, నిశ్శబ్ద భాగాలు విని సరిచూసుకోండి.

ఇంకొకటి, ఇది తప్పనిసరి. 'ది ఇన్నోసెంట్స్' మొదలైనప్పుడు సంస్థ చిహ్నం కూడా రాకముందే తెర పూర్తిగా నల్లగా ఉండి, ఒక చిన్నపిల్ల పాట మాత్రం వినిపిస్తుంది. అది చాలాసేపు నడుస్తుంది. బొమ్మ రావడం లేదనుకుని ఆపరేటరు ఆపేయడమో, ముందుకు జరపడమో, లైట్లు వేయడమో చేయవచ్చు. ఆయనకు ముందురోజే చెప్పి ఉంచండి.